కనకయ్య వదిలేసిన పోగు

గైబీ నగర్‌లో మా వరుస గదుల చాలీ వెనుక సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. మా బతుకులు ఆ చప్పుడుకు అంత అలవాటు పడ్డాయి. ఆ చప్పుడులోనే కనకయ్య సగం ఆయుష్షు గడిచింది. చెవులు మందగించాయి. దూది పొట్టు పీల్చీ పీల్చీ ఊపిరి కూడా అరకొర అయింది. చెడకుండా మిగిలినవి చేతులే.

సిరిసిల్ల దిక్కు నుంచి పడుచుతనంలోనే ఈ కళ్యాణ్ పక్క ఊరికి వలస వచ్చి, పోగులు అతికే పనిలో కుదిరాడాయన. సాంచా మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగుకు కొత్త పోగు కలిపి మెలిపెట్టాలి. అట్లా వేల పోగులు. అయ్యాక పడుగు మీద అరచేయి జరిపి, ఎక్కడ బిగిసింది, ఎక్కడ వదులైంది చూసుకోవాలి. ఒక్క పోగు బిగిసి ఉన్నా తెగుతుంది, తెగితే సాంచా ఆగుతుంది, ఆగితే సేటు నోరు లేస్తుంది. బిగిసిన పోగు కనిపిస్తే కనకయ్య దాన్ని సరిచేయకుండా అన్నం ముట్టడని చెప్పుకునేవారు.

దగ్గు ముదిరి పని మానేశాక, ఇంట్లో పెళ్లాం రామవ్వ రాట్నం మీద నూలు కండెలు చుట్టుతుంటే ఈయన నిజాంపురాలో టాంగాలు నిలిచే చోటికి పోయి కూర్చునేవాడు. అక్కడ కాస్త నిమ్మళంగా ఉంటుందని. ఒకరోజు ఒక గుర్రం వీపు పట్టేసి అడుగు వేయనని మొండికేసింది. కనకయ్య ఊరికే లేచి వెళ్లి, పడుగు మీద ఆనించినట్టే దాని వీపు మీద అరచేయి ఆనించి మెల్లగా జరిపాడు. ఒకచోట ఆగి ఒత్తాడు. గుర్రం పొడుగ్గా ఊపిరి వదిలి, తల దించి, ఏదో నములుతున్నట్టు దవడలు ఆడించింది. ఆనాటి నుంచి దెబ్బ తిన్న గుర్రం ఏదున్నా ఆయనకు కబురొచ్చేది. ఇచ్చేది చాయ్, బన్ను, ఎప్పుడన్నా చేతిలో ఏదో ఇంత.

"మనుషుల నడుములు పిసికితే ఇంత ఆసరయితది. గుర్రాలు నీకేమిస్తయి, లద్దెనా?" అని రామవ్వ దెప్పేది.

"గుర్రంతోని మాట్లాడనీకి చెవులు అక్కర లేదే," అనేవాడు.

మనుషులకూ చేసేవాడు, కాదనను. నడుం పట్టినవాడు ఆయనతో రుద్దించుకుని నేరుగా పాళీకి, సాంచాల మీద తన వంతు పనికి, పోయేవాడు. నేనూ పోయాను.

యమునాబాయి నిజామాబాదు దిక్కు మనిషి. మొగుడు పెళ్లిళ్లకు గుర్రం తిప్పేవాడు. ఆయన పోయాక అందరూ గుర్రాన్ని అమ్మెయ్యమన్నారు. ఆమె అమ్మలేదు. చీర కొంగు నడుముకు బిగించి, కళ్లెం తానే పట్టుకుని, పెళ్లికొడుకు ముందు నడిచింది. బ్యాండువాళ్లు ఇకిలించారు, తరవాత అలవాటు పడ్డారు. ఆ తెల్ల గుర్రం పేరు చంద్రి. తొంభై ఎనిమిదిలో వానలకు ముందరి ఆఖరు పెళ్లిలో, నాలా మీది పగిలిన బండలో దాని ముందరి ఎడమ కాలు దిగబడింది. మోకాలి కింద, వెనకవైపు తాడులాంటి నరం ఉబ్బి, కాలు నేల మోపలేకపోయింది.

పశువుల డాక్టరు వచ్చి చూసి సూది వేశాడు. నరం పూర్తిగా తెగలేదు, సాగింది, వచ్చే ఎండాకాలం దాకా దీనికి పెళ్లి అన్న మాటే వద్దు అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తరవాత అందరికీ తెలిసింది.

"అన్నా, సీజనుకల్లా లేస్తదా? నాకు ఇంకో ఆధారం లేదు," అంది యమునాబాయి.

"చూస్త చెల్లె," అన్నాడు కనకయ్య.

ఆ వానాకాలమంతా పొద్దున్నే నిజాంపురాకు నడిచి పోయేవాడు. మోకాళ్ల లోతు మురికి నీళ్లలో, దగ్గుకుంటూ. మొదట్లో దెబ్బ తగిలిన చోట చెయ్యే పెట్టలేదు. బరువంతా మోస్తున్న తక్కిన మూడు కాళ్లకు, మెడకు, వీపుకు చేసేవాడు. అరచేతులు రుద్దుకుని వెచ్చచేసి ఆనించి, గుర్రం ఊపిరి వదిలేదాకా ఆగేవాడు. కింది పెదవి జారితే అక్కడ చాలు, ఇంకోచోటికి. వాపు తీసింది. కాలు మోపింది. ఐతే కుంటు మాత్రం కాస్త మిగిలింది.

అప్పుడే ఆయన చేతికి భుజం కింద, రొమ్ము పక్కన, బిగిసిన కండ ఒకటి తగిలింది. చుట్టూ అంతా మెత్తబడినా అదొక్కటే తాడులా ఉంది. పోగులు అతికినవాడి చేతులు కదా, ఊరుకోలేదు. రోజూ ఇంత ఇంత చేసి దాన్ని విప్పాడు. దీపావళికల్లా చంద్రి సీదాగా నడిచింది. యమునాబాయి కొబ్బరికాయ కొట్టింది. టాంగావాళ్లు కనకయ్యను ఎత్తుకున్నంత పని చేశారు. ఆ సంబరంలో డాక్టరు మాట ఎవరికీ గుర్తు లేదు.

కార్తీకంలో తులసి లగ్నం జరిగి ముహూర్తాలు మొదలయ్యాక, మొదటి పెళ్లికే యమునాబాయి ఒప్పుకుంది. పెళ్లికొడుకు బాగా బరువు. బ్యాండు మోతకు గుర్రాన్ని ముందరి కాళ్లెత్తించి ఆడించారు. సగం దారిలో చంద్రి ముందరి మోకాళ్ల మీద కూలబడింది. పెళ్లికొడుకు ముఖం మీది పూల సెహ్రాతో సహా కిందికి జారాడు. వాడికి పరువు తప్ప ఏమీ పోలేదు. చంద్రి కాలు మొదటికంటే అధ్వాన్నమైంది.

ఆనాడు కనకయ్య గుర్రం పక్కన కూర్చుని చాలాసేపటిదాకా లేవలేదు. ఇంటికి వచ్చాక రామవ్వ పళ్లెం పెడితే పక్కకు జరిపాడు.

"పడుగుల బిగిసిన పోగు తెగుతది గదా అని ఇప్పిన. పానం ఉన్నదాంట్ల గట్ల కాదే. ఆ బిగిసిన కండనే ఆ కాలును గట్టిగ పట్టుకొని కాపాడుతున్నది. గుర్రం కుంటుకుంట నొస్తున్నదని చెప్తున్నది. నేను దాని నోరు మూసిన," అన్నాడు. రామవ్వ ఆ పూట దెప్పలేదు.

మళ్లీ డాక్టరు, మళ్లీ కట్టు, మళ్లీ పొద్దున్నే నడక. నాకైతే చూస్తేనే అలసట వచ్చేది. ఈసారి ఒళ్లంతా చేసి, మళ్లీ బిగిసిన ఆ ఒక్క పోగును మాత్రం వదిలేసేవాడు. చేయి అక్కడికి పోయేది. వెనక్కి తీసుకునేవాడు. చంద్రి కుంటుతూనే తిరిగేది. చలికాలం పెళ్లిళ్లు గడిచిపోయాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు, కుంటిదానికీ అంతే. యమునాబాయి మెడలో ఉన్న కాస్త బంగారమూ దాణాకే పోయింది.

హోళీ తరవాత కళ్యాణ్ నుంచి ఒక బ్యాండువాలా చంద్రిని కొంటానని కబురు పెట్టాడు. నడక చూసి తీసుకుంటానన్నాడు. అతను వచ్చే ముందురోజు యమునాబాయి మా చాలీకి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"అన్నా, రేపొక్క పూట అది సీదా నడవాలె. నీ చేతుల ఉన్నది."

కనకయ్యకు వినబడలేదేమో అనుకుని గట్టిగా మళ్లీ చెప్పింది. ఆయనకు మొదటిసారే వినబడింది.

"నడుస్తది చెల్లె. కొన్నోడు బరువెక్కించి ఆడిస్తడు. ఈసారి కాలు ఇరుగుతది. ఇరిగిన గుర్రాన్ని ఏం చేస్తరో నీకు తెల్వదా?"

"మనుషులకు చేస్తలేవా? నడుం ఇరిగేటోన్ని రుద్ది పాళీకి తోలుతలేవా? గుర్రానికాడ నీకు ఎక్కడ లేని ధర్మం యాదికొచ్చిందా?"

ఆ మాట అక్కడున్న అందరికీ తగిలింది. నాకు కూడా.

"మనిషి తెలిసి పోతడు," అన్నాడు కనకయ్య. "నాతోని కాదు చెల్లె. ఒకసారి చేసిన, సాలు."

ఆమె తిట్టింది. ఏడ్చింది. వెళ్లిపోయింది.

మరునాడు కనకయ్య వెళ్లాడు. గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. యమునాబాయి కళ్లెం పట్టుకుని చంద్రిని నడిపించింది. అది కుంటింది. ఆమె ఇంకోసారి నడిపించింది. ఇంకోసారి కుంటింది. బ్యాండువాలా చాయ్ కూడా తాగకుండా మోటారుసైకిలెక్కి పోయాడు. యమునాబాయి కనకయ్య వైపు చూడలేదు. గుర్రానికి గడ్డి వేసి, దాని మెడ మీద తల ఆనించి అట్లాగే ఉండిపోయింది.

తరవాత ఆమెను రామవ్వే పోయి పిలుచుకొచ్చింది. "ఊపిరుంటే ఉప్పమ్ముకొని బతకొచ్చు బిడ్డా, రా," అని పక్కన కూర్చోబెట్టుకుని కండెలు చుట్టడం నేర్పింది. కళ్లెం పట్టిన చేతులు రాట్నానికి ఒక పట్టాన లొంగలేదు. పోగులు తెగేవి. రామవ్వ తిడుతూ అతికేది. వానలు పడేసరికి యమునాబాయి తన పొట్టకూ చంద్రి దాణాకూ సరిపడా కండెలు చుట్టసాగింది. చంద్రి నిజాంపురాలో కుంటుకుంటూ, బరువెత్తకుండా బతికింది. కనకయ్య రోజూ పోతూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం యమునాబాయి చెయ్యి పైకి లేవలేదు. భుజం పట్టేసింది.

"అన్నా, జర చూడు. రేపటికి కండెలు ఇయ్యాలె."

కనకయ్య ఆమె చెయ్యి కదిలే తీరు చూశాడు. "ఇది రుద్దేది కాదు చెల్లె. రాట్నం ఆపి నాలుగొద్దులు ఊకె కూసో. డాక్టరు గుర్రానికి చెప్పిందే నీకు చెప్తున్న."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో కోపమేమీ లేదు. "దాన్ని కూసోబెట్టినవ్ గదన్నా. నేను గూడ కూసుంటే మా ఇద్దరికి గడ్డి ఎవలేస్తరు?"

ఆయన రామవ్వను పిలిచాడు. ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎంత ఒత్తాలో, ఎక్కడ ఆగాలో చెప్పాడు. రామవ్వ వేళ్లకు ఆ బిగువు తగిలింది. కనకయ్య చెప్పినట్టే దాన్ని ఇంత ఇంత చేసి విప్పింది. యమునాబాయి పొడుగ్గా ఊపిరి వదిలి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, మళ్లీ రాట్నం ముందుకు జరిగింది.