కిసుము టికెట్

శ్రావ్యా, మీ క్లాసులో కొత్తగా చేరిన కెన్యా అమ్మాయి గురించి మొన్న ఫోనులో అడిగావు, "అమ్మమ్మా, వాళ్ల ఊళ్లో సింహాలు రోడ్ల మీద తిరుగుతాయంట, నిజమేనా?" అని. తిరగవమ్మా. బస్సులు తిరుగుతాయి, బడికి పోయే పిల్లలు తిరుగుతారు. టెలిఫోన్ ఆఫీసులు కూడా ఉన్నాయి, నువ్వు పుట్టడానికి చాలా ముందు నుంచీ ఉన్నాయి. అది నాకు ఎలా తెలిసిందో చెప్పుకోవడానికి బాగుండదు. అందుకే ఆ రోజు ఫోనులో మాట దాటేశాను. ఇప్పుడు నీకూ తమ్ముడికీ రాసి పంపుతున్నాను.

1985. వానాకాలం చివర. నారాయణఖేడ్‌లో నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. అప్పుడు ఎవరి ఫోను వాళ్లు నొక్కి పక్క ఊరికి మాట్లాడే వీలు లేదు. బయటి ఊరికి చేసే దాన్ని ట్రంక్ కాల్ అనేవాళ్లం. కావలసినవాళ్లు మాకు చెబితే, ఒక చిన్న కాగితం మీద ఊరు, నంబరు, టైము రాసుకునేవాళ్లం. ఆ కాగితాన్నే టికెట్ అంటారు. దాన్ని పై ఎక్స్ఛేంజికి చదివి వినిపించడం, పాస్ చేయడం. లైను ఖాళీ అయ్యాక వాళ్లు మమ్మల్ని పిలుస్తారు, మేము బోర్డు మీద ప్లగ్గు గుచ్చి కలుపుతాం. విదేశాలకైతే మేము హైదరాబాదుకు, హైదరాబాదు బొంబాయికి, బొంబాయి వాళ్లు సముద్రం అవతలికి. పాస్ చేయని టికెట్ చిత్తు కాగితమే. బయట బెంచీ మీద కూర్చున్న మనిషికి మాత్రం ఆ తేడా తెలియదు.

ఆ బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. పేరు జోసెఫ్ ఒడియాంబో. జొన్నకు పట్టే పురుగు మీద చదువుకోవడానికి కెన్యా నుంచి వచ్చి, రెండు నెలలుగా పక్కనున్న మనూర్ చేలల్లో తిరుగుతున్నాడు. నాకు వచ్చిన ట్రంకు ఇంగ్లీషుకు తగ్గట్టు ఆయన నెమ్మదిగా మాట్లాడాడు.

"సిస్టర్, మా ఊరు కిసుముకు కాల్ కావాలి. రేపు మా అమ్మకు ఆపరేషన్. ఈ రోజు సాయంత్రం ఐదు దాకా ఆమె ఫోను దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకుపోతారు."

వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అంటే మన లెక్కన రాత్రి ఏడున్నర దాకా టైము ఉంది. పొద్దున్నే పాస్ చేస్తే దొరకని లైను కాదు.

టికెట్ రాశాను. పిలిచేవారి పేరు రాయాల్సిన చోట ఆయన పేరు రాయలేదు. "ఆఫ్రికన్" అని రాసి పేపర్ వెయిట్ కింద పెట్టాను. "ట్రై చేస్తాం, కూర్చోండి" అన్నాను.

ఎందుకు పాస్ చేయలేదో నిజం చెప్పాలి. అక్కడ ఫోను ఉంటుందని నాకు నమ్మకం లేదు. ఆ రోజుల్లో పంచాయతీ ఆఫీసు టీవీలో ఆఫ్రికా అంటే ఒకటే బొమ్మ, డొక్కలు తేలి ఈగలు ముసిరిన పిల్లలు. టాకీసులో ఇంకో బొమ్మ, ఒళ్లంతా మసి పూసుకొని మంట చుట్టూ ఎగిరే మనుషులు. ఈ రెండింటిలో ఎక్కడా టెలిఫోన్ స్తంభం కనిపించేది కాదు. లేని ఊరికి లైను అడిగి హైదరాబాదు వాళ్లతో మాట పడటం ఎందుకనుకున్నాను.

మా లైన్‌మన్ మల్లయ్య కిటికీలోంచి బెంచీ దిక్కు చూసి లోపలికొచ్చాడు.

"ఏందక్కా, గీ పొడుగాయన యాడికి చేస్తుండు?"

"కెన్యాకంట."

"ఆడ ఫోన్లు గూడ ఉన్నయా? డప్పు కొట్టి చెప్పుకుంటరు గదనే వాళ్లు. మొన్న టాకీసుల నువ్వు గూడ సూస్తివి."

"అయితే నువ్వే ఒక డప్పు తెచ్చియ్యరాదు ఆయనకు" అన్నాను నేను.

ఇద్దరం నవ్వుకున్నాం. బెంచీ మీద నుంచి ఆయన కూడా నవ్వాడు. మేము దేనికి నవ్వుతున్నామో తెలియదు కదా, మర్యాదకు నవ్వాడు.

పదకొండింటికి శివప్ప సేటు వచ్చాడు. కన్నడం మాట్లాడే ఇంటి మనిషి, పెసర్లూ మినుములూ కొని బీదర్‌కు పంపేవాడు. వచ్చీ రాగానే కౌంటర్ మీద చెయ్యి వేశాడు.

"అక్కా, బీదర్ ఇయ్యి జల్దీ. పెసర్ల రేటు దిగుతున్నది. గా అడివికి లైను కలుపుకుంట కూసొని నన్ను పరేషాన్ చెయ్యకు."

"ఇంకా కలపలే సేటు. ఆయన టికెట్ కిందనే ఉన్నది, నీదే ముందు" అన్నాను. అంత తేలిగ్గా అన్నాను ఆ మాట.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే ఆయన అక్కడే ఉన్నాడు. నాకు పాపం అనిపించింది. కరువు దేశం, ఎప్పుడు తిన్నాడో ఏమో అనుకొని రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర ఇచ్చాను. ఆయన చేతులు కడుక్కొచ్చి తిన్నాడు.

"మనూర్‌లో ఏ ఇంటికి పోయినా ముందు రొట్టె పెడతారు" అన్నాడు. "నాకు ఆకలి లేదంటే నమ్మరు. తినకపోతే వాళ్ల మొహాలు చూడలేను. ఈ రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను."

ఆ మాటకైనా నాకు తెలివి రావాల్సింది. రాలేదు. మంచి పని చేశానన్న తృప్తితో డబ్బా కడిగి పెట్టుకున్నాను. మనిషికి అన్నం పెట్టాను, ఆయన అడిగింది మాత్రం పేపర్ వెయిట్ కిందే ఉంది. "లైను దొరికిందా సిస్టర్?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ "ట్రై చేస్తున్నాం" అన్నాను.

నాలుగున్నరకు కౌంటర్ దగ్గరికి వచ్చి నా బోర్డును చూస్తూ నిలబడ్డాడు.

"మా అమ్మ బోర్డు దీనికన్నా పెద్దది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన పర్సులోంచి ఒక ఫోటో తీశాడు. పొడుగాటి బోర్డు ముందు వరుసగా ఆరేడుగురు ఆడవాళ్లు, అందరి తలల మీద హెడ్‌సెట్లు. మొదటి కుర్చీలో కొంచెం లావుపాటి ఆమె, చేతికి గడియారం, రెండు వేళ్ల మధ్య ప్లగ్గు. నేను పట్టుకున్నట్టే పట్టుకుంది.

"కిసుము ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. మా ఊళ్లో మీ దేశపు షాపులు చాలా ఉన్నాయి. వాళ్ల కాల్స్ అన్నీ ఆమే కలుపుతుంది. బొంబాయి ఆపరేటర్లను గొంతు బట్టి గుర్తుపడుతుంది. ఈ రోజు డ్యూటీ లేదు, అయినా నా కోసం తన కుర్చీలోనే కూర్చుంటానని రాసింది."

వెనక్కి తిరిగి పేపర్ వెయిట్ ఎత్తి టికెట్ తీశాను. హైదరాబాదును పిలిచి చదివాను. "ఇప్పుడా చెప్పేది? పొద్దున్నే ఇవ్వకపోయారా. బొంబాయి దగ్గర క్యూ ఉంది" అన్నారు వాళ్లు. బతిమాలాను. అరగంటకోసారి గుర్తు చేశాను. అప్పటిదాకా ఆడిన అబద్ధం అప్పుడు నిజమైంది, ట్రై చేశాను. ఆయన గడియారం చూడటం మానేసి నా మొహమే చూస్తూ కూర్చున్నాడు.

ఏడుంబావుకు బొంబాయి వాళ్లు ఇంకొంచెం ఆగమన్నారు. ఏడూ ముప్పావుకు లైను వచ్చింది. సముద్రం హోరు లాంటి చప్పుడు, దాని వెనక స్పష్టంగా ఒక ఆడగొంతు. "కిసుము. మాట్లాడండి."

ఆయన్ని బూత్‌లోకి పంపి కలిపాను. వాళ్ల భాషలో రెండు నిమిషాలు మాట్లాడాడు. "అమ్మ ఇప్పుడే వెళ్లిపోయింది, సిస్టర్" అని బయటికొచ్చి చెప్పాడు. పావుగంట తేడా.

లైను తీసేలోగా ఆ కిసుము ఆపరేటర్ నన్ను పిలిచింది. ఒక బోర్డు వాళ్లు ఇంకో బోర్డు వాళ్లతో మాట్లాడుకునే తీరుగా, ఇంగ్లీషులో, ఏ కోపమూ లేకుండా అంది.

"నారాయణఖేడ్, ఆమె పొద్దున ఎనిమిదింటి నుంచి నా పక్కన హెడ్‌సెట్ పెట్టుకొని కూర్చుంది. మూడుసార్లు బొంబాయిని అడిగింది. మీ దగ్గర నుంచి టికెట్టే రాలేదన్నారు. మధ్యాహ్నం తర్వాత అడగడం మానేసి ఊరికే కూర్చుంది."

ప్లగ్గు తీసేశాను.

శనివారం ఫోనోగ్రామ్ వచ్చింది. అంటే ఫోను మీద చదివి వినిపించే టెలిగ్రామ్. హైదరాబాదు వాళ్లు చదువుతుంటే నా చేత్తోనే రాసుకున్నాను. తల్లి గురువారం చనిపోయింది. ఎవరికి అందించాలో రాయాల్సిన చోట ఈసారి పూర్తి పేరు రాశాను, ఒక్కో అక్షరం అడిగి రాశాను. మనూర్ బస్సు డ్రైవర్‌తో కబురు పంపితే ఆయన సాయంత్రానికి వచ్చాడు. కాగితం చదివి, మడిచి, ఆ ఫోటో పక్కనే పర్సులో పెట్టుకున్నాడు.

"అక్కా" అన్నాడు. ఆ మాట మనూర్‌లో నేర్చుకున్నాడు. "మొన్న పొద్దుటి నుంచీ నా కోసం ఎంత కష్టపడ్డావో చూశాను. మా అమ్మ ఉంటే నీకు థ్యాంక్స్ చెప్పేది."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఉద్యోగం పోతుందని భయమేసింది. మూశాను. ఆయన వారంలో హైదరాబాదు వెళ్లిపోయాడు, మళ్లీ కనిపించలేదు.

తర్వాత పదమూడేళ్లు ఆ బోర్డు ముందు కూర్చున్నాను. ఊరి పేరు చూసి ఏ టికెట్టూ పక్కన పెట్టలేదు. పేపర్ వెయిట్ ఇంటికి తెచ్చేసుకున్నాను. మీరు చిన్నప్పుడు ఆడుకున్న గాజు గుండు అదే. బొమ్మల్లో చూసి మనుషులను తెలుసుకున్నాననుకోవడం ఎంత పనికి వచ్చిందో నాకు తెలుసు. జోసెఫ్ వాళ్లమ్మ మమ్మల్ని గొంతుల్లో తెలుసుకుంది. మేము ఆమెను గోడ మీది తెరలో చూసి, లేదనుకున్నాం. ఆ కెన్యా పిల్ల పేరు ఏమిటో ముందు అడుగు శ్రావ్యా, సింహాల సంగతి తర్వాత.

నాకు మాత్రం ఒక సంగతి ఇప్పటికీ తెలియలేదు. టికెట్టే రాలేదని బొంబాయి వాళ్లు మూడోసారి చెప్పాక, ఆ తల్లి అడగడం మానేసింది. ఇరవై రెండేళ్లు బోర్డు మీద పనిచేసిన మనిషి. ఎక్కడో ఒక ఆపరేటర్ ఆ కాగితాన్ని కింద పెట్టుకొని కూర్చుందని గ్రహించిందా, లేక కొడుకే మరిచిపోయాడనుకొని ఆసుపత్రికి పోయిందా?