బూట్లు విడిచి కూర్చున్న మామ

మామ పోయాడన్న కబురు అందేసరికి నా చేతిలో మిఠాయి డబ్బా ఉంది. వనపర్తిలో మా తోడల్లుడి ఇంట్లో కూర్చుని, నోట్లో లడ్డూ పెట్టుకుని, నా బిడ్డ సంగతి మూడోసారి చెబుతున్నాను. గద్వాల నుంచి మామ కొడుకు ఫోను చేశాడు. "బావా, నాయిన పోయిండు. పొద్దుగాల మగ్గం కాడ కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు" అన్నాడు. నోట్లో లడ్డూ మింగాలో ఉమ్మాలో తోచలేదు. మింగేశాను.

ఆయన మా మేనత్త భర్త. నాకు మగ్గం నేర్పిన గురువు. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసి వస్తే చెవి పట్టుకుని మగ్గం గుంటలో కూర్చోబెట్టినవాడు. నా బిడ్డకు కూడా చిన్ననాడే వేలు పట్టి పోగు అతకడం నేర్పినవాడు. పెండ్లైన పదహారేండ్లకు పుట్టిన బిడ్డ నాది. ఆ బిడ్డకు లండన్‌లో నేతపనిలో పై చదువుకు ఫీజు లేకుండా సీటు వచ్చిందని అంతకు మూడు రోజుల ముందే ఉత్తరం వచ్చింది. అయ్యా, నా సంతోషం ఏమని చెప్పను! రోడ్డు మీద సోడాబండి ఆయన్ని కూడా ఆపి నోట్లో లడ్డూ పెట్టాను. తెలకపల్లి పోయాను, గోపాల్‌పేట పోయాను, వనపర్తి వచ్చాను. అన్నిటికన్నా పెద్ద డబ్బా మామ కోసం పక్కన పెట్టాను. కానీ ఆ ఇంటికి మాత్రం పోలేదు. మా ఇంటి నుంచి మామ ఇల్లు రెండు వీధుల అవతల. ముందు పోవలసింది అక్కడికే.

ఎందుకు పోలేదో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మూడేండ్ల కిందట లండన్‌లో చేనేత ప్రదర్శన జరిగింది. గద్వాల చీర నేసి చూపించడానికి మామను పిలిచారు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునని నన్ను తోడు పంపారు. పన్నెండు రోజులు ఉన్నాం. మధ్యాహ్నం మూడు వరకు మగ్గం. ఆ తర్వాత మా ఇష్టం. ఎండకాలం కాబట్టి అక్కడ రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. అయినా మాకు చలే.

నాకేమో నది ఒడ్డున తిరిగే ఆ పెద్ద చక్రం ఎక్కాలని, రెండంతస్తుల బస్సులో పైన కూర్చుని తిరగాలని, హోటల్లో బల్ల ముందు కూర్చుని తినాలని కోరిక. మామకు అవేవీ పట్టలేదు. "ఊరు చూడనీకి కండ్లు గావాలె, కాళ్లు గావాలె. జేబుతోని ఏం పని రా అల్లుడా?" అనేవాడు. ధోవతి, పైన కోటు, తలకు కోతిటోపీ, కాళ్లకు ప్రదర్శనవాళ్లు ఇచ్చిన బూట్లు, చేతిలో స్టీలు టిఫిను. టిఫినులో ఇంటి నుంచి తెచ్చిన ఎండు జొన్నరొట్టెలు, పల్లీల పొడి. అలా బయలుదేరేవాడు. నీలం స్వెటరు వేసుకుని నేను పది అడుగులు వెనక. మామూలుగా పెద్దవాళ్ల వెనక నడిచేది మర్యాద కొద్దీ. నేను మాత్రం మేమిద్దరం ఒకటి కాదని నలుగురూ అనుకోవాలని నడిచాను.

ఒక్క పైసా తీయకుండా ఆ ఊరంతా చూశాడు మామ. రాణిగారి ఇంటి ముందు ఎర్రకోట్ల సిపాయిలు మారేది ఇనుప కటకటాలు పట్టుకుని చూశాడు. "మన గద్వాల కోట కాడ గూడ గిట్లనే మారుతుండ్రని మా తాత చెప్పిండు. వీళ్లు ఇంకా ఆపలే" అన్నాడు. పడమటి ఎండ పడే వేళకు నది మీది వంతెన ఎక్కి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాడు. "కృష్ణంత లేదు గానీ, మంచిగనే పెట్టుకున్నరు" అని ఆ నదికి సర్టిఫికెట్ ఇచ్చాడు. ప్రదర్శనకు సెలవిచ్చిన రోజు మధ్యాహ్నం ఒక చర్చిలో పైసలు తీసుకోకుండా సంగీతం వాయించారు. మామ ముందు వరుసలో కండ్లు మూసుకుని చివరిదాకా కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

ఒక తోటలో చెరువు ఒడ్డున బెంచీ మీద ఒక తెల్ల ముసలావిడ బాతులకు గింజలు వేస్తుంటే మామ పోయి పక్కన కూర్చున్నాడు. రొట్టె తుంచి, పల్లీల పొడి అద్ది ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తిని దగ్గి, నవ్వి, ఇంకా కావాలంది. ఈయన తెలుగులో, ఆమె ఇంగ్లీషులో, గంటసేపు మాట్లాడుకున్నారు. తిరిగి వస్తుంటే "ఆమె కొడుకు వేరే ఊర్ల ఉంటడంట, మోకాళ్ల నొప్పులంట" అన్నాడు.

"నీకెట్ల తెలిసింది మామా? ఇంగ్లీషు రాదు గద?"

"నీకొచ్చు గద. నువ్వు ఆడనే ఉంటివి, మరి నీకేం తెలిసింది?"

నాకేమీ తెలియలేదు. నేను చెట్టు చాటున ఉన్నాను.

ఇక అసలు సంగతి. ఒకరోజు ఒక పెద్ద మ్యూజియంకు పోయాం. టిక్కెట్టు లేదు. లోపల ఎన్నో గదుల తర్వాత ఒకచోట మన దేశపు పాత బట్టలు అద్దాల వెనక పెట్టారు. మామ ఒక అద్దం ముందు ఆగిపోయాడు. పాత చీర ముక్క. నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ ప్రతి వరుసలో, పోగుకు పోగు మెలేసి కలిపిన నేత. దాన్నే మేము కుప్పడం అంటాం. చేసే చేతికి తప్ప ఆ అతుకు కంటికి తెలియదు. "మనదే రా! మనోళ్లదే రా!" అని గట్టిగా అరిచాడు. ఆ గదిలో అందరూ తిరిగి చూశారు.

మగ్గం గుంటలో దిగేటప్పుడు మేము చెప్పులు విడిచి, నేలను తాకి కండ్లకు అద్దుకుంటాం. మామ అక్కడ అదే చేశాడు. బూట్లు విప్పి గోడ పక్కన పెట్టాడు, నేలకు దండం పెట్టాడు, అద్దం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మేజోళ్లకు బొక్క ఉంది. బొటనవేలు బయటికి కనిపిస్తోంది.

అప్పుడే హైదరాబాదు వాళ్లు, మంచి బట్టల్లో ఉన్న భార్యాభర్తలు, నా దగ్గరికి వచ్చి తెలుగులో పలకరించారు. "ఆ పెద్దాయన మీతో వచ్చారా అండీ?" అని అడిగింది ఆమె.

"లేదండీ. ఎవరో నాకు తెల్వదు" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! నన్ను గుంటలో కూర్చోబెట్టి, నాకు తిండి పెట్టే పని నేర్పినవాణ్ణి ఎవరో అన్నాను. అని, పక్క గదిలోకి జారుకున్నాను.

కాసేపటికి తలుపు పక్క నుంచి తొంగి చూశాను. కాపలా మనిషి లేపుతాడని భయపడ్డాను కదా, అతను మామ పక్కన గొంతు కూర్చుని ఉన్నాడు! అడ్డపోగు తీసుకుపోయే మూడు నాడెలు ఎట్లా ఆడతాయో మామ గాలిలో చేతులతో చూపిస్తున్నాడు. చుట్టూ పదిమంది మూగారు. హైదరాబాదు ఆమె ఆయన మాటలు ఇంగ్లీషులో చెబుతోంది. తెలుగులో ఆయన్ని అడిగింది: "ఒక్కరే వచ్చారా బాబాయ్?"

"ఒక్కన్నేంది బిడ్డా, మా అల్లుడున్నడు. నీలం సొటరోడు. నా కంటె మంచిగ నేస్తడు."

"ఆయనా? మీరెవరో తెలియదన్నారే!"

మామ చేతులు గాలిలోనే ఆగాయి. ఒక్క క్షణమే. "చలికి మతి పోయింటదమ్మా. వాడు చలికి ఓర్వడు" అని నవ్వి, మళ్లీ నాడె ఆడించాడు.

నేను పోయి ఆయన పక్కన కూర్చోవచ్చు. ఇప్పటికీ అనుకుంటాను, నాలుగు అడుగులు. వేయలేదు. బయట మెట్ల మీద కూర్చున్నాను. మామ వచ్చి టిఫిను తీసి, రొట్టె రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క నాకిచ్చాడు. "యాడికి పోయినవ్ రా? నీకు ఆ అతుకు సూపిద్దామనుకుంటి" అన్నాడు. అంతే. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఇంకో మాట లేదు.

గద్వాలకు వచ్చాక చావడి మీద, పెండ్లిళ్లలో, బస్టాండులో ఒకటే చెప్పేవాడు: "మా అల్లుడు లేకుంటె నేను లండన్ల తప్పిపోతుంటి. ఎన్నడు నా ఎనక నుంచి జరగలే." జనం నన్ను మెచ్చుకునేవారు. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఎట్లా వచ్చేదో నాకే తెలియదు. క్షమించు మామా అని అడగడానికి ఎన్నోసార్లు పోయాను, చాయ్ తాగి వచ్చాను. బిడ్డకు సీటు వచ్చిందని చెబితే లండన్ మాట ఎత్తాలి, ఎత్తితే ఆ గది కండ్ల ముందుకు వస్తుంది. అందుకే పెద్ద డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది.

దినం అయిన మరునాడు అత్త మమ్మల్ని పిలిచింది. మగ్గం పక్కన పెట్టె తీసి, చుట్టిన గ్రాఫు కాగితం ఒకటి నా బిడ్డ చేతిలో పెట్టింది. చీర అంచుకు నమూనా గీసే చిన్న గళ్ల కాగితం.

"నెల నుంచి గీస్తుండె బిడ్డా. సీటు వస్తదని నీ కంటె ఆయనకే నమ్మకం. పిల్లకు ఆడ చేతుల పైసలుండవు, ఊరు ఊరికే ఎట్ల చూడాల్నో తెల్వాలె అన్నడు."

విప్పాం. గళ్లలో నది ఉంది, అంచు తిప్పినట్టు మెలికలు తిరిగి. వంతెన ఉంది. రాణి ఇల్లు, ఎర్ర చుక్కల సిపాయిలు. బాతుల చెరువు. చర్చి. ప్రతిచోటా ఒక ఎర్ర గడి, ఒక నీలం గడి.

"ఎర్రది నేను, నీలంది అల్లుడు అన్నడు" అంది అత్త.

నా కండ్లు మ్యూజియం వెతికాయి. దొరికింది. చీర ముక్కను అందులో ఎంత శ్రద్ధగా దించాడంటే, నూలు పట్టు కలిసే చోటు కూడా గళ్లు లెక్కపెట్టి వేశాడు.

"నాయినా, గిక్కడ నువ్వు గూడ తాత పక్కన కూసున్నవా?" అని అడిగింది బిడ్డ.

ముందు నా బిడ్డకు ఉన్నదున్నట్టు చెప్పాను, అత్త వింటుండగానే. ఇప్పుడు మీకు చెప్పాను. బిడ్డ కాగితాన్ని మళ్లీ చూసింది, వేలు పెట్టి చూపించింది. చీర ముక్క ముందు ఎర్ర గడి. దానికి ఆనుకుని, మధ్యలో పోగు సందు కూడా లేకుండా, నీలం గడి.