పంపు మీద టీ గ్లాసు

పెళ్ళిచూపుల నాడు ఇచ్చిన టీని కూడా మారెప్ప వాసన చూసి గానీ తాగలేదట. అతని భార్య రామాంజినమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది. అలాంటి మనిషికి కుందుర్పి పక్కన తాగునీటి పంపుహౌసులో ఆపరేటరు పని దొరికింది. తలుపుకు తాళం వేస్తాడు, లాగి చూస్తాడు, కొంచెం దూరం పోయి మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూస్తాడు. నీళ్ళు నిలవుండే సంపు మూతకూ తాళమే, దాని చెవి ఎప్పుడూ అతని మొలతాడుకే ఉంటుంది. ఎవరడిగినా ఇవ్వడు.

ఈసారి వేసవి ముదిరాక ఎట్టకేలకు కాలువ నీళ్ళు వచ్చి సంపు నిండింది. ఊళ్ళన్నీ సంబరపడుతుంటే కాంట్రాక్టరు మనిషి బయ్యన్న వచ్చి చల్లగా ఒక మాట చెప్పిపోయాడు. ఇద్దరు ఆపరేటర్లను మోయలేమని, ఇక ఒక్కరినే ఉంచుతామని. రెండో ఆపరేటరు ఐజాక్ నిరుడే చేరాడు. పని వచ్చినవాడు, మాట తక్కువ. మాట తక్కువ మనుషులంటే మారెప్పకు అసలే పడదు. లోపల ఏం పెట్టుకున్నారో తెలియదు కదా.

సరిగ్గా అప్పుడే పంపు వణకడం మొదలుపెట్టింది. టీ గ్లాసు పంపు మీద పెట్టుకోవడం మారెప్పకు అలవాటు. ఆ పొద్దు గ్లాసు తనంతట తానే జరుగుతూ జరుగుతూ అంచుకు వచ్చి కింద పడింది. పంపు మీద అరచెయ్యి ఆనిస్తే మోచేతి దాకా జుమ్మంది. వంగి చూస్తే పునాది బోల్టు ఒకటి వదులుగా ఉంది. ఇంకేముంది, దొంగ దొరికిపోయాడనుకున్నాడు.

"ఏమప్పా ఐజాకూ, ఈ బోల్టు ఎవురు ఇప్పినారు?"

"ఎవురూ ఇప్పలేదన్నా. అదురుకు అదే వదులైంటాది. లోపల ఏమో ఉండాది, పంపు ఇప్పి చూస్తామా?"

విప్పుదామనడంలోనే ఏదో మెలిక ఉందనిపించింది మారెప్పకు. పోయిన నెల బేరింగులు మార్చినప్పుడు పంపు విప్పి బిగించింది కూడా ఐజాకే మరి. అందుకే మారెప్ప బోల్టులన్నీ తనే బిగించి, ఎవరైనా తిప్పితే తెలిసేలా నట్టుకూ దిమ్మెకూ కలిపి ఎర్ర రంగుతో గీతలు గీశాడు. మర్నాడు గీతలు గీతల్లాగే ఉన్నాయి, వణుకూ వణుకులాగే ఉంది. బుద్ధున్నవాడెవడైనా తప్పు బోల్టుల్లో లేదనుకుంటాడు. మారెప్ప మాత్రం, వీడు బోల్టు తిప్పి మళ్ళీ రంగు పూసి ఉంటాడనుకున్నాడు.

ఆ పిల్లవాడు అట్లాంటివాడు కాడని, అతని భార్య సువార్త చంటిబిడ్డతో ఉందని రామాంజినమ్మ ఎంత చెప్పినా వినలేదు. మారెప్ప పనికి ఏమీ కాదని, గంగమ్మే చూసుకుంటుందని కూడా ఆమె అంది. అదీ చెవికెక్కలేదు. బయ్యన్నకు ఫోన్ చేసి, ఐజాక్ కావాలనే మిషన్ చెడగొడుతున్నాడని చెప్పేశాడు. ఎవరిని తీసెయ్యాలా అని చూస్తున్న బయ్యన్నకు పని సులువైంది.

బయ్యన్న ఇంజనీరు గౌతమిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ముందు మోటారును పంపు నుంచి విడదీసి ఒంటరిగా తిప్పించింది. దాని మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు కదలలేదు. మోటారులో తప్పు లేదు. మళ్ళీ రెండూ సరిగ్గా కలిపి తిప్పితే వణుకు తిరిగొచ్చింది. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద, పిడి చెవికి ఆనించి విన్నది. చప్పుడు సమంగానే ఉంది. కానీ నీళ్ళ ఒత్తిడి చూపే ముల్లు కుదురుగా లేదు, ఊగుతోంది. లోపల తిరిగే చక్రానికి ఏదో చుట్టుకుందని చెప్పి పంపు విప్పించింది.

చక్రం రెక్కల్లోంచి చిరిగి నల్లబడిన గుడ్డ పేలిక వచ్చింది. సంపులో గొట్టం మూతికుండే జాలీ తుప్పు పట్టి ఊడిందేమోనని గౌతమి అనబోతుంటే బయ్యన్న అడ్డొచ్చాడు. అది మిషన్ తుడిచే గుడ్డేనని, బేరింగులు మార్చిననాడు ఐజాకే లోపల వదిలాడని తేల్చేశాడు. తాళాలిచ్చి ఇంటికి పొమ్మన్నాడు. ఐజాక్ తల వంచుకుని జేబులో చెయ్యి పెట్టాడు.

పేలిక పారెయ్యమని మారెప్ప చేతికిచ్చారు. దాని కొసన గట్టి ముడి ఒకటి బొటనవేలికి తగిలింది. ముడిలో పసుపు కొమ్ము.

కొత్త నీళ్ళు వస్తే ఆడవాళ్ళు పసుపు కొమ్ము ముడేసిన రవికగుడ్డను నీళ్ళలో వదిలి గంగమ్మకు ఇచ్చుకోవడం ఈ సీమలో ఎప్పటినుంచో ఉన్నదే. సంపు నిండిననాడు రామాంజినమ్మ పసుపు కుంకుమ వేసొస్తానని తాళంచెవి అడిగింది. ఎవరికీ ఇవ్వని చెవి విప్పి ఇచ్చాడు. పసుపు కుంకుమతో పాటు ఇంకేం వేస్తావని అడగలేదు. లోకంలో అతను అనుమానించని మనిషి ఆమె ఒక్కతే. మొగుడి పని నిలబడాలనే ఆమె మొక్కుకుని ఉంటుంది.

గుప్పిట మూస్తే సరిపోయేది. పని తనకే నిలిచేది. కానీ సిగ్గుతో మారెప్ప ఒళ్ళంతా కాలిపోయింది.

"మేడమ్, ఇది తుడిసే గుడ్డ కాదు. మా ఇంటామె గంగమ్మకు ఇచ్చిన రవిక. సంపు తాళం నేనే ఇచ్చినాను. ఈ పిల్లోని మీద లేనిపోనిది చెప్పినాను."

బయ్యన్న మొహం మాడ్చుకున్నాడు. ఎవరో ఒకరు పోవాల్సిందేనన్నాడు. మారెప్ప మొలతాడు నుంచి చెవి విప్పి ఐజాక్ చేతిలో పెట్టాడు.

పంపు బిగించి తిప్పారు. ఐజాక్ టీ తెచ్చి గ్లాసు పంపు మీద పెట్టాడు. అది కదలలేదు.

"తాగన్నా," అన్నాడు.

మారెప్ప గ్లాసు తీసుకుని, వాసన చూడకుండానే తాగాడు.