మైన్ నది ఒడ్డున ఒక బోణీ

1933 మార్చిలో ఒక సాయంత్రం నాంపల్లిలో వాడి జంక్షనుకు పోయే రైలుబండి ఎక్కాను. వాడిలో బొంబాయి మెయిలు, బొంబాయిలో ఓడ, ఇటలీలోని జెనోవాలో దిగాక మళ్లీ రైలు. లాడ్ బజారులో లక్క గాజులు అమ్ముకునేవాడికి జర్మనీతో ఏం పని అంటారా? మా గాజుల మీద తళతళలాడే గాజురాళ్లు, మేం నగీనాలనేవి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చేవి. పంపేది ఒక ముసలి వ్యాపారి. నా చిన్నప్పుడు ఒకసారి హైదరాబాదు వచ్చి మా ఇంట్లోనే దిగాడు. బజారంతా ఆయన్ను నగీనా సాబ్ అని పిలిచేది. కొన్నాళ్లుగా ఆయన దగ్గర్నుంచి సరుకూ లేదు, కబురూ లేదు.

బాపు మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు. "సరుకు రాకున్నా ఫికర్ లేదు కొడుకా. మనిషి ఎట్లున్నడో చూసి రా. పొద్దుగాల పోయి బోణీ జెయ్యి" అన్నాడు. దోస్తు దుకాణంలో మొదటిసారి అడుగుపెట్టేవాడు ఎవరూ కొనకముందే వెళ్లి బోణీ చేయాలని మా బజారు ఆచారం.

ఓడలో శాకాహారం అంటే రొట్టె, ఉడకబెట్టిన ఆలుగడ్డ. అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కే నన్ను బతికించింది. లండన్‌లో చదవబోతున్న బెజవాడ కుర్రవాడొకడు మూడు రోజులు వాంతులతో పడుకుని, నాలుగో రోజు నా పక్కన చేరాడు. "అన్నగారూ, మీ జాడీ మూత తీస్తే చాలు, నాకు ప్రాణం లేచొస్తుంది" అన్నాడు. జెనోవాలో దిగేటప్పుడు సగం జాడీ వాడికే ఇచ్చేశాను.

ఫ్రాంక్‌ఫర్ట్ చేరేసరికి శుక్రవారం మధ్యాహ్నం. నగీనా సాబ్ పేట మైన్ నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. దాని పేరు జాక్సెన్‌హౌజెన్. రాతి వంతెన దాటగానే నాకు నవ్వొచ్చింది. మూసీకి దక్షిణాన ఉన్న మా పాతబస్తీ వాళ్లను ఆవలి ఒడ్డు దొరలు ఎలా చూస్తారో, ఈ పేట వాళ్లను నగరం వాళ్లు అలాగే చూస్తారట. పూర్వం ఇక్కడ జాలర్లు, తోళ్లు పదును చేసేవాళ్లు, తోటమాలులు ఉండేవారు. మాట మొరటు, మనసు వెన్న అని పేరు. ఆపిల్ పళ్ల సారాయి తయారైన ఇంటివాళ్లు వాకిట్లో పచ్చటి కొమ్మల దండ వేలాడదీస్తారు. అలాంటి ఒక ఇంటి మీది గదిలోనే నాకు బస దొరికింది.

ఇంటావిడ ఒకప్పుడు లండన్‌లో వంటమనిషి, ఇంగ్లీషు వచ్చు. నేను సారాయి ముట్టనంటే జాలిపడి పాలు తెచ్చిచ్చింది. సాయంత్రం నదీతీరానికి తీసుకెళ్లి, గోడల మీద ఏ వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెక్కిన గీతలు చూపించింది. మా ఊళ్లోనూ పెద్దవాళ్లు తుగ్యానీకి ముందు, తుగ్యానీకి తర్వాత అని వయసులు లెక్కపెడతారు, తుగ్యానీ అంటే మూసీ వరదే అని చెప్పాను. ఆవిడ అన్నిటికంటే కొత్త గీత మీద వేలు పెట్టింది. ఆ వరదలో నగీనాల వ్యాపారి పడవ వేసుకొచ్చి, అప్పటికి పసివాడైన ఆవిడ కొడుకును భుజాన ఎత్తుకుని, వీధివాళ్లందరినీ తన మేడ మీద ఉంచుకున్నాడట. మర్నాడు నేను వెళ్లేది ఆ దుకాణానికే అన్నాను. ఆవిడ చలిగా ఉందంటూ ఇంటిదారి పట్టింది.

ప్రయాణపు బడలికతో ఆలస్యంగా లేచి, శనివారం పది దాటాక దుకాణం ముందుకు చేరాను. తలుపు దగ్గర గోధుమరంగు ఉడుపుల్లో ఇద్దరు పడుచువాళ్లు నిలబడి ఉన్నారు. అద్దం మీద తెల్లరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మా వైపు పెద్ద షావుకార్లే గదా వాకిట్లో అరబ్బు కావలివాళ్లను పెట్టుకునేది! ఆ రాత దీపావళికి మేం రాసే శుభలాభాల వంటిదనుకున్నాను. నగీనా సాబ్‌కు దశ తిరిగిందని మురిసిపోయి, కావలివాళ్లకు సలాం చేశాను. ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇనాం కోసమనుకుని అరచేతిలో నాణెం పెట్టాను. వాడు దాన్ని వీధిలోకి విసిరికొట్టాడు. రెండోవాడు నా తలపాగా చూసి ఏదో అని, నన్ను లోపలికి వదిలాడు.

లోపల నగీనా సాబ్ ఒక్కడే ఉన్నాడు. బాపు పేరు చెప్పగానే లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ల కిందట మా బజారులో నేర్చుకున్న ముక్క వెతుక్కుని, "ఛోటే సేట్, అభీ బోణీ నై హుయీ" అన్నాడు. ఇంకా బోణీ కాలేదని.

వాకిట్లో ఉన్నది తన మనుషులు కాదని, యూదుల దుకాణాల్లో ఎవరూ కొనకూడదని కాపలా కాస్తున్నారని ఇంగ్లీషులో చెప్పాడు. అద్దం మీద ఉన్నది కూడా అదే. ఒకరి వాకిట్లోకి గిరాకీ రాకుండా ఇంకొకరు కాపలా కాయడం నేను కలలో కూడా ఊహించలేదు. ఆయన అద్దంలోంచి నాణెం విసిరినవాణ్ణి చూపించి, వరదలో తన భుజమెక్కింది వాడేనన్నాడు.

ఎర్రరాళ్లు, పచ్చరాళ్లు తీసుకుని బోణీ చేశాను. లేచి రాబుద్ధి కాలేదు, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఆయనకు తెలిసినవాళ్లు ఎదుటి కాలిబాట మీదుగా తల తిప్పుకుని పోయారు. వాళ్లలో మా ఇంటావిడా ఉంది. మా ఊరొచ్చి మా ఇంట్లో ఉండమని నగీనా సాబ్‌ను బతిమాలాను. "ఈ నది ఎన్నిసార్లు పొంగినా నేను పారిపోలేదు" అన్నాడు. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ రాత్రి ఇంటావిడను కొడుకు సంగతి అడిగాను. గ్లాసు తుడుస్తూనే, "వాడికి ఇప్పుడైనా ఒక పని దొరికింది" అంది. తెల్లారేసరికి మూట కట్టుకుని స్టేషనుకు నడిచాను.

అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆ వంతెన చూడండి, కొమ్మల దండలు చూడండి, అందమైన పేటే. గోడల మీది వరద గీతలు చూసినప్పుడు మాత్రం, ఆ రోజు ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో అడగండి.

వాడి జంక్షనులో బండి మారి, పొద్దున్నే నాంపల్లిలో దిగాను. బాపు మంచం మీద లేచి కూర్చుని నా కోసమే చూస్తున్నాడు. నగీనాల పొట్లం ఒళ్లో పెట్టాను. బాపు దాన్ని విప్పలేదు.

"బోణీ జేసినవా కొడుకా?"

"చేసిన బాపు. ఆ రోజంతా నాదొక్కటే అయింది."