నేను బిగించిన హెడ్డు

ఈ మాట మోసీ మోసీ అలిసిపోయినాను. నా పెండ్లానికి చెప్పలేదు. దేవుని ముందర నిలబడినప్పుడు కూడా వేరే ఏవేవో మొక్కుకున్నాను గానీ ఇది చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలీదు. అందుకే నీకు చెప్తాండాను. నా పేరు మాత్రం అడగొద్దు.

నేను లారీ మెకానిక్కును. తాడిపత్రి రోడ్డు పక్కన నా షెడ్డు. ఇంజను పనిలో నా చేతికి మంచి పేరుండాది. ఎవరన్నా ఆ పేరు ఎత్తితే నాకు తల వంగిపోతాది. ఎందుకో ఎవరికీ తెలీదు.

చాలా ఏండ్ల కిందట, బండరాళ్లు తోలే లారీల ఓనరొకాయన నా దగ్గరికి వచ్చినాడు. ఆయన బండి ఒకటి లోడు మీద గుత్తి దావలో మిట్ట ఎక్కలేక రొప్పుతాండె. ఇంజను మార్చకుండా పికప్ పెంచేదానికి అయితాదా అని అడిగినాడు. వేరే మెకానిక్కులు కాదన్నారంట. ఆ మాట చాలు నాకు. టీ అంగడి కాడ నలుగురు వింటాంటే, నాకిడిసిపెట్టు, మూడో గేర్లోనే మిట్ట ఎక్కిస్తానని చెప్పేసినాను.

పని మాత్రం మనసుపెట్టి చేసినాను, అది అబద్ధం కాదు. ఇంజను మీద మూతల మాదిరి ఉండే పాత సిలిండర్ హెడ్లు తీసేసినాను. అదే రకం పెద్ద ఇంజనుకు వచ్చే హెడ్లు, పెద్ద వాల్వులవి, పాత సామాన్ల అంగళ్లలో వెతికి తెచ్చినాను. గాలి పోయే దారులు గ్రైండర్ పెట్టి వెడల్పు చేసినాను. లోపల ఒత్తిడి పెరగాలని హెడ్డు అడుగు లేత్ మిషన్ మీద అరగ గీయించినాను. లేత్ ఆయన ఇంక చాలప్పా, పల్చనైతాది అన్నాడు. నేను ఇంకొంచెం గీయమన్నాను.

షెడ్డుకు తెచ్చి తుడుస్తాంటే ఒక హెడ్డులో రెండు వాల్వుల మధ్య సన్నగా, వెంట్రుక మాదిరి ఒక గీత కనపడింది.

అది పగులా? గీకుడా? తెలుసుకునేది పెద్ద పని కాదు. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రుద్దితే పగులుంటే తడి పైకి వస్తాది. షెడ్డులో కిరసనాయిలు ఉండె, సుద్ద ఉండె. నేను రుద్దలేదు. టైము లేక కాదు. రుద్దితే తెలిసిపోతాది, తెలిస్తే ఆ హెడ్డు పక్కన పెట్టాల్సి వస్తాది, నలుగురి ముందర ఆడిన మాట పోతాది. గీకుడేలే అనుకున్నాను. అనుకున్నానా, లేక అట్ల అనుకుంటాండాననే నన్ను నేను నమ్మించుకున్నానా? ఇప్పటికీ విడదీసి చెప్పలేను. బిగించేసినాను.

బండి మిట్ట ఎక్కింది. మూడో గేర్లోనే. ఓనరు నా భుజం తట్టినాడు. బండి డ్రైవరు ఓబులేసు అయితే సంబరం పట్టలేక మర్నాడు ఇంటి నుంచి ఉడకబెట్టిన శనక్కాయలు తెచ్చిచ్చినాడు. ఆయప్పది గార్లదిన్నె పక్క పల్లె. వానలు లేక చేను ఇడిసిపెట్టి స్టీరింగు పట్టినోడు. పొద్దున్నే రేడియేటర్లో నీళ్లు, ఇంజన్లో ఆయిలు చూడకుండా తాళం తిప్పే మనిషి కాదు. నేనే నా కండ్లతో ఎన్నోసార్లు చూసినాను.

ఆ ఎండాకాలమే, నిండు లోడుతో మిట్ట మధ్యలో హెడ్డు పగిలింది. నీళ్లు చాలామటుకు కారిపోయి ఇంజను పట్టేసింది. ఓబులేసు బండి వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్లు పెట్టి, ఏమైందోనని బానెట్ ఎత్తినాడు. పైపు పగిలి ఆవిరి ఎగదన్నింది. మెడ, కుడి చెయ్యి కాలినాయి.

బండిని నా షెడ్డుకే లాక్కొచ్చినారు. ఓనరు ముందర హెడ్డు విప్పినాను. పగులు సరిగ్గా ఆ గీత కాడనే. ఓబులేసు చేతికి కట్టుతో నా పక్కన నిలబడుకోని ఉండాడు.

"అన్నా, పొద్దున నిండుగా నీళ్లు పోసినా. ఓనరు నమ్మడంల్యా. నువ్వు చెప్పు."

నేను ఆయప్ప మొగం చూడలేదు. చేతిలో స్పానర్ తుడుచుకుంటా చెప్పినాను.

"నీళ్లు లేకుండా తోలితే ఏ హెడ్డయినా పగుల్తాదప్పా."

"అట్లనా అన్నా," అన్నాడు. అంతే. నాతో కొట్లాడలేదు. మెకానిక్కు చెప్పినాడు కదా అని నమ్మినాడు.

ఓనరు ఆ పొద్దే ఆయప్పను పనిలోంచి తీసేసినాడు. ఇంజను కాల్చినోడనే పేరు పడినాక ఎవరూ బండి ఇయ్యలేదు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరినాడని విన్నాను. ఆ దుమ్ములో.

నిజం చెప్పింటే నాకేమయ్యేది? ఓనరు తిట్టేవాడు. కొన్నాళ్లు బండ్లు తక్కువ వచ్చేవి. టీ అంగడి కాడ నవ్వేవాళ్లు. అంతకు మించి ఏం లేదు. ఇంత చిన్నదానికా ఒక మనిషి బతుకు తీసుకుపోయి రాతిదుమ్ములో పడేసినాను?

అయినా ఇన్నాళ్లు ఎట్లనో నెట్టుకొచ్చినాను. మొన్న ఓబులేసు షెడ్డుకు వచ్చినాడు. అల్లుడు పాత మినీ లారీ కొన్నాడు, ఇంజను ఒకసారి చూడన్నా అని పిల్చుకొచ్చినాడు. మనిషి సగమైనాడు. మాట మాటకు దగ్గు. నేను బానెట్ లోపలికి వంగి చూస్తాంటే, అల్లునితో చెప్పేది వినపడింది.

"పొద్దున్నే నీళ్లు చూస్కో నాయనా. ఆ పొద్దు నేను చూసినాననే అనుకున్న్యా. చూడలేదు. మర్సిపోయింటి. ఈ అన్నే చెప్పినాడు."

నేను వంగినోన్ని అట్లే ఉండిపోయినాను. ఆయప్ప పని పోగొట్టినానని నాకు తెలుసు. ఆయప్ప కండ్లతో చూసిందాన్ని కూడా చూడలేదనిపించినానని అప్పటిదాకా తెలీదు. అప్పుడన్నా చెప్పల్ల కదా? టీ తెప్పించినాను. తాగి, మేలు చేసినావన్నా అని చెప్పి పోయినాడు.

తర్వాత ఒకనాడు చెప్పేయాలనే వాళ్ల పల్లెకు పోయినాను. ఓబులేసు లేడు, ఆస్పత్రికి పోయినాడని వాళ్ల ఇంటామె చెప్పింది. కూర్చోమని నీళ్లిచ్చింది. లేడనే మాట వినంగానే నా గుండె తేలికైంది. నిజంగా తేలికైంది. ఇన్నేండ్లలో నాకు అన్నిటికంటే సిగ్గయింది దానికే. నీళ్లు తాగి వచ్చేసినాను.

ఆ గీత నేను చూసినాను. చూసే బిగించినాను. ఓబులేసు తప్పేం లేదు.

ఇది ఆయప్పకు చెప్పాల్సిన మాట, నీకు కాదు. తెలుసు. మళ్లీ పోతానని ఒట్టు పెట్టను. నా మాట ఎంతటిదో నీకిప్పుడు తెలిసింది కదా. సిగ్గేం తగ్గలేదు. ఊపిరి మాత్రం, ఈ నాలుగు మాటలు బయటికి వచ్చినంక, కొంచెం ఆడతాండాది.