శ్రుతి అయ్యాక అడుగుదామనుకున్న సెలవు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే రకం. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి వింటుంది. మీరు కొత్తవాళ్ళు కాబట్టి పావు వంతు తీసేసుకుంటే చాలు.

అప్పట్లో కుందలహళ్ళిలో అద్దెకుండేవాళ్ళం. ఆఫీసు బెళ్ళందూరులో. రింగు రోడ్డు మీద ఎంత ట్రాఫిక్కంటే, ఇంట్లో గీసుకున్న గడ్డం ఆఫీసు చేరేసరికి మళ్ళీ మొలిచేది. మా మేనేజరు విజయవాడ మనిషి, మా వీధి చివరే ఉండేవాడు. "బస్సులో ఏం నలుగుతావోయ్, నా కార్లో వచ్చెయ్" అన్నాడు. ఎక్కాను. ఎక్కి ఊరుకోకుండా, మోగుతున్నదాన్ని "చాలా బావుంది సార్" అన్నాను. అయిపోయింది.

అది ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య సంగీతం, పెద్ద ఆర్కెస్ట్రా వాయించిన రికార్డింగు. ఉన్నది ఆ ఒక్క సీడీయే. అయిపోతే మళ్ళీ మొదటికొచ్చేది. చెవి దగ్గర దోమలా ఒక్క వయొలిన్ మొదలవుతుంది. కాసేపటికి అదీ వినపడదు. హమ్మయ్య అనుకునేలోగా బాకాలు, డోళ్ళు కలిసి, స్టీలు సామాన్ల కొట్టు మేడ మీంచి దొర్లినట్టు మీద పడతాయి. అద్దాలన్నీ బిగించి, ఏసీ పెట్టి, సార్ స్టీరింగ్ మీంచి వేలెత్తి "మాట్లాడకు, ఇప్పుడొస్తుంది చూడు" అనేవాడు. ముందు లారీ, వెనక నీళ్ళ ట్యాంకరు. దూకేద్దామన్నా పక్కనున్న ఆటోలు తలుపు తెరుచుకోనిచ్చేవి కావు.

ఇంతలో అనంతపురంలో మా మరదలి పెళ్ళి దగ్గరపడింది. నాకు నాలుగు రోజులు సెలవు కావాలి. ఆఫీసులో ఆయన ఎప్పుడూ మీటింగుల్లోనే, దొరికేది కార్లోనే. వయొలిన్ సన్నబడగానే "సార్, ఒక చిన్న..." అనేవాణ్ణి. ఢామ్!

ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలోనే.

"అడిగారా?"

"అడగబోయాను. డోలు పడింది."

"మా నాన్నకేం చెప్పమంటారు? పెద్దల్లుడు డోలు కింద పడ్డాడనా?"

"రేపడుగుతా."

ఒక పొద్దున మా ఇంటి ఓనరు, అక్కడే పుట్టి పెరిగిన పెద్దాయన, బెళ్ళందూరులో కూతురింటికి పోవాలని మాతోపాటు సార్ కారెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. మారతహళ్ళి వంతెన దగ్గర కారు ఆగిపోయింది. దోమ మొదలైంది, సన్నబడింది. నేను నోరు తెరిచాను, మూశాను. పెద్దాయన ముందుకు వంగాడు.

"ఏమప్పా, ఈళ్ళు కుందలహళ్ళి కాణ్ణించి శ్రుతి చేస్తానే ఉండారు. పాట ఎప్పుడు ఎత్తుకుంటారు?"

"ఇదే పాటండీ" అన్నాడు సార్.

"ఇదేనా? అయితే సొల్ప సేపు ఆపప్పా. పాపం ఈయప్ప ఏందో చెప్పల్లని చేప మాదిరి నోరు తెరుస్తా మూస్తా ఉండాడు."

సార్ సీడీ ఆపాడు. బయటి హారన్లు నా చెవికి మంగళవాద్యాల్లా వినిపించాయి. సెలవడిగాను. "ఇంతేనా? ముందే చెప్పొచ్చుగా" అని నవ్వి, ఇచ్చేశాడు.

ఇప్పుడు మీకు అప్పజెప్పాల్సిన ఆ పావు వంతు ఉంది. గడ్డం సంగతి కాస్త పెంచాను. స్టీలు సామాన్ల కొట్టు పెంచలేదు. పెద్దాయన కారెక్కడం నిజం, మారతహళ్ళి దగ్గర ఆగిపోవడం అంతకన్నా నిజం. ఆయన అడిగిన మాటలు మాత్రం నేను పుట్టించినవి. అన్ని డోళ్ళు పడ్డా ఆయన నిద్ర చెదరలేదు. బెళ్ళందూరులో నేనే తట్టి లేపాను. ఆ మాటల తర్వాత చెప్పిందంతా కూడా నేను అల్లిందే. సీడీ ఆగలేదు, సెలవు నేను అడగలేదు.

మా ఆవిడ ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. పెళ్ళి ఆల్బంలో ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. తాళి కట్టే ఆ వేళకు నేను లారీకీ ట్యాంకరుకీ మధ్య, ఎత్తిన ఆ వేలి వంక చూస్తూ కూర్చున్నాను.