పక్కవాళ్ల అద్దం తిప్పే కురుమూర్తి

గద్వాల కురుమూర్తికి ఒకే ఒక్క జబ్బు. పక్కవాడి చేతిలో కెమెరా కనబడితే చాలు, దాని అద్దం పట్టుకుని తిప్పేస్తాడు.

మా పాలమూరు పాత ఫోటోగ్రాఫర్లు లెన్సును అద్దం అనే అంటారు. మీరు ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, పెళ్లికూతురు ఎప్పుడు నవ్వుతుందా అని కాచుకుని ఉంటారు. ఇంతలో ఎడమపక్క నుంచి రెండు వేళ్లు వస్తాయి. చడీచప్పుడు లేకుండా మీ అద్దం మీది రింగును వెంట్రుకవాసి తిప్పుతాయి. "ఆ, ఇగ కొట్టు" అని చెవిలో వినబడుతుంది. అప్పటికి పెళ్లికూతురు తుమ్ముతూ ఉంటుంది. నా దగ్గర అలాంటి తుమ్ములు పదకొండు ఉన్నాయి.

నాది నాగర్‌కర్నూలు. పేరు బాలరాజు. నలభై ఏళ్లు దాటాక, 2004లో, నేను డిజిటల్ కెమెరా కొన్నాను. మీట నొక్కితే అద్దం దానంతట అదే తిరిగి, బొమ్మను తేటగా చూపించే రకం. దాన్ని మొదటిసారి చూసిన రోజు కురుమూర్తి చాలాసేపు నా ముఖంలోకి చూశాడు.

"గిది తనంతల తనే సూస్కుంటదా?"

"అవునన్నా."

"మరి నువ్వెందుకు? మొయ్యనీకా?"

ఆయనే ఆ మీట ఆపేసి, రింగు తిప్పి ఇచ్చాడు. ఆ సాయంత్రం నేను తీసిన ముప్పై ఆరు ఫోటోల్లో ఆయన తిప్పిన ఒక్కటే తేటగా వచ్చింది. మీట ఆపేశాడని నాకు ఇంటికి వెళ్లాక తెలిసింది.

ముహూర్తాలు లేని రోజుల్లో మంగళవారం మంగళవారం వనపర్తి బస్టాండు ఎదుటి చాయ హోటల్లో మేం ముగ్గురం కలిసేవాళ్లం. గద్వాల నుంచి కురుమూర్తి, నాగర్‌కర్నూలు నుంచి నేను, మూడోవాడు వనపర్తి అబ్రహాం. ఆయనకు ఆ ఊళ్లోనే స్టూడియో ఉంది. వయసు అరవై రెండు, మనిషి నిలువెత్తు, గొంతుకు మైకు అక్కర్లేదు. బల్ల మీద తువ్వాలు పరిచి, పెళ్లివారు నగలు చూపించినట్టు ఇద్దరూ తమ అద్దాలను ఒక్కొక్కటే బయటికి తీసేవారు. కురుమూర్తిది రష్యా అద్దం. ఇత్తడి చెంబంత బరువు. అబ్రహాందేమో జపాను అద్దం. ముసలితనంతో గాజు పచ్చబడింది. దాంతో ఎవర్ని తీసినా, అప్పుడే నలుగు పెట్టించుకుని లేచి వచ్చినట్టు పడతారు.

"సూడు బాలరాజూ, ఎట్ల తిరుగుతున్నదో! నెయ్యిల గంటె తిప్పినట్లు లేదా?" అని కురుమూర్తి తన అద్దం నా చేతిలో పెట్టేవాడు. అవును, అలాగే ఉండేది. నా కొత్త కెమెరా అద్దం తిరిగితే దోమ అరిచినట్టుండేది. చాయ చల్లారిపోయేది. వాళ్లు అద్దాల మీద ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి, అందులో ఒక గీత కనబడితే సొంత ఒంటి మీద పడినంత బాధపడేవారు. ఆ హోటలాయన మేం దుర్భిణీలు అమ్ముకునేవాళ్లమని రెండేళ్లు నమ్మాడు.

కురుమూర్తి నేతపనివారి బిడ్డ. కంటితో కొలవడం ఆయనకు మగ్గం దగ్గరే అబ్బింది. పాత అద్దాల మీద అడుగుల లెక్క చెక్కి ఉంటుంది. కెమెరాకూ మనిషికీ మధ్య ఎంత దూరమో ఒక్క చూపుతో కొలిచి, రింగును ఆ అంకె దగ్గర ఆపేస్తాడు. కెమెరాలోంచి చూడాల్సిన పని కూడా లేదు.

ఈ విద్య ఆయన్ను ఎక్కడా కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. ఒకసారి మధ్యాహ్నం ఆట సినిమాకు వెళ్లాం. తెర మీద బొమ్మ కొంచెం మసకగా ఉంది. కురుమూర్తి లేచి వెళ్లాడు. రెండు నిమిషాల్లో బొమ్మ తళతళలాడింది. జనం ఈలలు వేశారు. ఆయన వచ్చి కూర్చున్నాడు. పది నిమిషాలకు మళ్లీ లేచాడు. నాలుగోసారి ఆపరేటరు ఆయన్ను చెయ్యి పట్టుకుని కిందికి తెచ్చి, మా ఇద్దర్నీ అడిగాడు.

"ఈయన మీ మనిషేనా?"

"తెల్వదు" అన్నాడు అబ్రహాం.

అబ్రహాంతో అయితే రోజూ యుద్ధమే. పెద్ద పెళ్లిళ్లకు మా ముగ్గురినీ కలిపి పిలిచేవారు. వాళ్లిద్దరూ మండపం దగ్గర భుజం భుజం రాసుకుంటూ నిలబడేవారు.

"నా అద్దం ముట్టకురా అని ఎన్నిసార్లు చెప్పాలె?" అని అబ్రహాం గర్జించేవాడు.

"ముట్టలే. సవరించిన."

"నాకు కండ్లు లేవారా?"

"ఉన్నయి, ఉన్నయి. ఇగ కొట్టు."

పెళ్లికొచ్చినవాళ్లు వధూవరుల్ని వదిలేసి వీళ్లను చూసేవారు. గట్టు అనే ఊళ్లో ఒక పెద్దమ్మ, వీళ్లకు కూడా పెళ్లి చేసేస్తే ఒక పని అయిపోతుందంది.

ఇలా రెండేళ్లు గడిచాయి. 2006 ఎండాకాలంలో తెలకపల్లిలో కురుమయ్య అనే రైతు కూతురు సాయిశ్రీ పెళ్లి జరిగింది. తాళి కట్టడానికి ఇంకో పావుగంట ఉందనగా కురుమూర్తి కెమెరాలో రీలు అయిపోయింది. ఎండలో రీలు మార్చితే ఆయనకు మహాపాపం. చీకటి గది వెతుక్కుంటూ వెళ్లి, లడ్డూల గంపలు పెట్టిన కొట్టుగదిలో దూరాడు. ఆయన లోపల ఉండగానే, పిల్లలు లడ్డూల మీద పడతారేమోనని ఎవరో పుణ్యాత్మురాలు బయటినుంచి గొళ్లెం పెట్టింది. ఆయన తలుపు బాదాడు. బయట బ్యాండువాళ్లు అంతకంటే గట్టిగా బాదారు.

ఇక్కడ గట్టిమేళం మొదలైంది. అబ్రహాం ఎడమపక్కన, రోజూ కురుమూర్తి నిలబడే చోట, ఆ రోజు నేను నిలబడ్డాను. ఉన్నట్టుండి ఆయన కెమెరా నా వైపు జరిగింది. చూపు మాత్రం ఎదురుగానే ఉంది.

"తిప్పు" అన్నాడు మెల్లగా.

ఆయన మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. తల తిప్పి ఆయన కెమెరా వైపు చూశాను.

"ఏంది సూస్తున్నవ్? అందరు లేస్తున్నరు. ఎన్నడుగులు?"

పక్కనుంచి ఆయన కంటిలోకి చూశాను. నల్లగుడ్డు మీద పలచటి మజ్జిగ పోసినట్టు తెల్లటి పొర. నా కెమెరా నా మెడలోనే వేలాడుతోంది. దాన్ని ఎత్తితే ఈయన ఫోటో పోతుంది. ఈయనకు తిప్పితే నా ఫోటో పోతుంది. పైగా నేనెప్పుడు అడుగులు కొలిచాను గనక? రింగు తిప్పాను.

"ఎనిమిది" అన్నాను.

నా గొంతు గుర్తుపట్టి ఆయన ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. తర్వాత కెమెరా కంటికి పెట్టుకుని నొక్కాడు. మూడు ముళ్లు పడిపోయాయి.

కాసేపటికి తలుపు తీశారు. కురుమూర్తి మీసాల నిండా లడ్డూ పొడితో బయటికొచ్చాడు. తాళి పడిపోయిందని తెలిసి, అబ్రహాం వైపూ నా వైపూ చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన చేతులు రెండూ జేబుల్లోకి వెళ్లాయి.

రీలు కడిగించాం. అసలు దూరం ఆరడుగులట. తాళి మసక. వరుడు మసక. సాయిశ్రీ మసక. వాళ్ల వెనక రెండడుగుల దూరంలో కూర్చున్న పంతులుగారి కుడి చెవి మాత్రం అద్భుతంగా వచ్చింది. వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

నాలుగో రోజు కురుమయ్య కూతుర్ని వెంటబెట్టుకుని ఫోటోలు చూడటానికి అబ్రహాం స్టూడియోకు వచ్చాడు. మేం ముగ్గురం అక్కడే ఉన్నాం.

"ఏందయ్యా ఇది? తాళి కట్టెటప్పుడు అయ్యగారి చెవు ఫోటో తీసినవా? నీ కండ్లకేమైంది?" అని కురుమయ్య మండిపడ్డాడు.

ఆ ఒక్క ప్రశ్నకు ఊళ్లో జవాబు తెలిసిపోతే, అబ్రహాం నలభై ఏళ్ల పని ఆ పూటతో ముగిసినట్టే. నేను నోరు తెరిచేలోపే కురుమూర్తి ముందుకొచ్చాడు.

"ఆయనది సక్కగనే ఉండె. నేనే తిప్పిన."

"నువ్వా? నువ్వు లడ్డూల కాడుంటివి గదా!"

"గొళ్లెం పడకముందే తిప్పిపోయిన. నా చేతికి జబ్బున్నది. గద్వాలల ఎవర్నన్న అడుగు."

కురుమయ్య నా వైపు తిరిగాడు. "ఉన్నది పెద్దనాయినా. ముదిరిపోయింది" అన్నాను.

కురుమయ్య ఇంకేదో అనబోయేసరికి సాయిశ్రీ ఆ ఫోటో చేతిలోకి తీసుకుని పకపకా నవ్వింది. "ఊకో నాయినా! తాళి కట్టిన ఫోటో అందరింట్ల ఉంటది. అయ్యగారి చెవు ఎవ్వరింట్ల ఉంటది? గిది నాకే కావాలె."

కూతురి నవ్వు చూసి ఆయన కోపం సగం దిగింది. చెవిని ఇంకోసారి చూశాక మిగతాదీ దిగింది.

మర్నాడే గద్వాల వెళ్లాను. కురుమూర్తి భార్య కిష్టమ్మ చాయ ఇచ్చింది. ఆయన రష్యా అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"అన్నా, అబ్రహామన్నకు ఎప్పటిసంది కనవడ్తలేదు?"

తుడవడం ఆగింది. "మూడేండ్లాయె. మోతిబిందు, కండ్ల మీద పొర. ఆపరేషనంటె భయం. వాళ్ల మేనమామకు గట్లనే చేపిస్తె ఉన్న కన్ను పోయిందంట. పొమ్మంటె కొట్లాటకొస్తడు. కెమెరా ఇడవమంటె సచ్చిపోతడు. ఇగ నేనేం జెయ్యాలె?"

"సరే, ఆయనది తిప్పినవ్. నాదెందుకు తిప్పినవ్? పదకొండు తుమ్ములన్నా!"

"ఆయనదొక్కటే తిప్పితె ఎందుకని అడుగరా? అందరియి తిప్పితె కురుమూర్తికి పిచ్చి అంటరు. అననీ. పిచ్చోనికి పెండ్లి పనులు ఆగుతయా?"

కిష్టమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అంతకుముందు ఈయన పక్కోని కెమెరా ముట్టేటోడే గాదు, తమ్మీ. ముట్టుకుంటె పాపమనేటోడు. మొదాలు ఉత్త యాక్టింగే. ఇప్పుడు నిజంగనే అంటుకున్నది. పొయ్యి మీద పాలు పెడితె మంట తిప్పుతడు. రేడియో పెడితె ముల్లు తిప్పుతడు. పంపు కట్టేస్తె, మంచిగ కట్టలేవని మళ్ల తిప్పుతడు."

అక్కణ్నుంచి వనపర్తి వెళ్లి, అబ్రహాంను నెమ్మదిగా కదిలించాను. ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"కురుమూర్తికి చెప్పకు. పాపం, వానికి తిప్పుడు జబ్బు. తిప్పనియ్యకపోతె పరేషాన్ అయితడు. అందుకే నేనే కెమెరా వాని దిక్కు జరుపుత. దోస్తు గదా, ఏంజేస్త!"

ఎవరు ఎవరిని కాపాడుతున్నారో నాకు అర్థం కాలేదు. కానీ ఒక దారి దొరికింది. "అన్నా, కురుమూర్తన్న కండ్లు చూపించుకోనీకి మహబూబ్‌నగర్ దవాఖానకు పోవాలె. ఒక్కడే పోవాలంటె భయపడ్తున్నడు. ధైర్యానికి నువ్వు రా" అన్నాను.

"వానికి భయమా? అరె, నేనుండంగ భయమేంది! పద" అని అబ్రహాం చొక్కా మార్చుకున్నాడు.

దవాఖానలో ముందు కురుమూర్తిని కూర్చోబెట్టారు. ముందే నేర్పిపెట్టాను కాబట్టి వణికినట్టు బాగానే నటించాడు. అయితే డాక్టరమ్మ కళ్లు చూసే యంత్రం ముందుకు జరపగానే ఆయన చెయ్యి దాని మర మీదికి పోయింది.

"ఏం చేస్తున్నారండీ?"

"మీది జర మసకగున్నదమ్మా."

ఆమె ఆయన్ను లేపేసింది. "మీ కళ్లు బాగున్నాయి. చేతులు చూపించుకోండి. తర్వాత ఎవరు?" కుర్చీ ఖాళీగా ఉంది. కురుమూర్తి అబ్రహాం భుజం తట్టాడు. "నేను కూసొని లేస్తి. బతికే ఉన్న గదా? నువ్వు గూడ కూసో."

అబ్రహాం ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మోసం అర్థమైంది. "లుచ్చాగాండ్లు" అన్నాడు. కానీ కూర్చున్నాడు. వారం తర్వాత ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఆ మధ్యాహ్నమంతా కురుమూర్తి గది బయట నిలబడే ఉన్నాడు. నల్లా, కిటికీ గొళ్లెం, ఫ్యాను స్విచ్చి, ఏదీ ముట్టుకోలేదు.

నెల తిరిగాక, కొత్త కళ్లద్దాలతో అబ్రహాం తన స్టూడియో ముందు బస్సు దిగాడు. మేం ఇద్దరం చెరోపక్క ఉన్నాం. కిందటి దసరాకు రంగులు వేయించిన బోర్డును ఆయన తలెత్తి చూశాడు. చదివాడు. మళ్లీ చదివాడు.

'ఇచ్చట అంధమైన ఫోటోలు తీయబడును.'

"కురుమూర్తీ! గిది ఎప్పటిసంది గిట్లున్నది?"

"పెయింటరు రాసినప్పటిసంది."

"నీకు కనవడలేదా?"

"కనవడ్డది."

"మరి చెప్పవేంరా?"

కురుమూర్తి గోడ వైపు చూస్తూ అన్నాడు. "చెప్తె, నీకు కనవడ్తలేదని చెప్పినట్లయితది గదా."

అబ్రహాం కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత ఆయన పొట్ట కదలడం మొదలైంది. ఆ నవ్వు బస్టాండు దాకా వినబడింది. "ఊరంత సదివిన్రా?"

"సదివిన్రు. గిరాకి మాత్రం తగ్గలే."

కురుమూర్తి పక్క దుకాణంలోంచి స్టూలు తెచ్చి, పైకెక్కి, బ్లేడుతో ధ కింది ఒత్తు గీకడం మొదలుపెట్టాడు. కింద నిలబడి అబ్రహాం అరుస్తున్నాడు. "మెల్లగ! మొత్తం గీకితె అంమైన ఫోటోలంటరు!" అంతలోనే మనసు మారింది. "ఆగాగు! ఉండనీ. దసరాసంది జనం గీ బోర్డు చూసే వస్తున్నరు. మార్చితె దారి తప్పుతరు."

"ముందే చెప్పరాదా? సగం గీకిన!" అన్నాడు పైనుంచి కురుమూర్తి.

బోర్డును అలాగే వదిలేశారు. వనపర్తిలో దిగి మంచి ఫోటో ఎక్కడ తీస్తారని ఎవర్ని అడిగినా, సగం ఒత్తు స్టూడియోకు పొమ్మంటారు.